చీకటి వంటింటికి ఏ రంగు?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. వారు బహుశా ముందుగదిలో కూర్చుని ఆ మాట అని వుంటారు. మా పాతబస్తీ ఇళ్ళలో ఇల్లాలిని చూడాలంటే ముందు దీపం వెయ్యాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ చార్మినారు మీద నిప్పులు చెరుగుతూ వుంటుందా, అదే వేళకు మా శాలిబండ వంటింట్లో జీలకర్రేదో సోంపేదో తెలియాలంటే స్విచ్చి నొక్కవలసిందే!

ఇందులో ఇల్లు కట్టినవారి తప్పేమీ లేదు. శాలిబండ, లాల్‌దర్వాజా, గౌలిపురా, హుస్సేనీఆలం – ఎక్కడ చూసినా పాత ఇళ్ళ పద్ధతి ఒకటే. రెండు పక్కలా పొరుగువారి గోడలు, ముందు గల్లీ, నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి. గాలీ వెలుతురూ వచ్చేది ఆ వాకిట్లోంచే. ఎండను ఆపడానికి గోడలు అడుగున్నర, రెండడుగుల మందాన లేపారు. వంటిల్లు వెనక్కు పెట్టారు. పొగ పోవడానికి కప్పుకింద ఒక రోషన్‌దాన్ వుంచారు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఒక అంతస్తువే అయినంత కాలం ఈ ఏర్పాటు బాగానే సాగింది. ఇప్పుడు ఇరుపక్కలా మూడేసి అంతస్తులు లేచాయి. సూర్యుడు మా వాకిట్లోకి దిగి కాసేపు నిలబడి, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా వెళ్ళిపోతాడు.

ఇక్కడినుంచి ఇల్లమ్ముకుని వెళ్ళేవారిని అడిగి చూడండి. నీళ్ళ ఇబ్బంది, కారు పట్టని గల్లీ – వీటికంటే ముందు వచ్చే మాట వంటిల్లే. "ఈ చీకటికొట్లో మా కోడలు వండనంటున్నది" అంటారు. మా ఇంట్లో మాత్రం ఆ చీకటికొట్టును విడిచిపెట్టనన్నది అత్తగారు. ఆమెకు డెబ్భై దాటాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండో కంటికి పొర ముదురుతూ వుంది. ఐనా చారు పెట్టడం ఇంకొకరి చేతికి ఇవ్వరు. నిరుడు ఒకరోజు వేడి చారుగిన్నెను సగం గట్టు మీదా సగం గాలిలోనూ పెట్టారు. గట్టు నల్లరాయి, కింద నేల ముదురు షాబాద్ బండ. అంచు ఎక్కడుందో ఆ కంటికి ఆనలేదు. గిన్నె దొర్లింది, పాదం మీద బొబ్బలు లేచాయి. అలమరలకు ఏ రంగు, గోడకు ఏ టైలు అన్న ప్రశ్న అప్పటినుంచి మాకు అలంకారం సంగతి కాకుండా పోయింది.

అడిగినవారందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: "అంతా తెలుపు వేయించండి, వెలుగు అదే వస్తుంది." ఇది సగమే నిజం. రంగు అప్పు తీర్చే పెద్దమనిషి వంటిది. పుచ్చుకున్నదాంట్లో ఎంతో కొంత తిరిగి ఇస్తుందేగాని, సొంతంగా ఒక్క కాణీ పుట్టించలేదు. కొత్తగా వేసిన తెల్లసున్నం తనమీద పడ్డ వెలుగులో నూటికి సుమారు 80 పాళ్ళు తిరిగి ఇస్తుంది. లేత మీగడ రంగు 70 దాకా ఇస్తుంది. వక్కరంగు చెక్క 10, 15 పాళ్ళిచ్చి చేతులు దులుపుకుంటుంది. నల్ల గ్రానైట్ దాదాపు అంతా మింగేస్తుంది. కాని అసలు వెలుగే గదిలోకి రాకపోతే 80 పాళ్ళిచ్చే గోడ మాత్రం ఏమిస్తుంది?

అంచేత మొదటి డబ్బాడు సున్నం వంటింటికి కాదు, వాకిటికి! మా వంటింటి గుమ్మానికి ఎదురుగా వాకిట్లో కనబడేది పక్కింటివారి గోడ. సిమెంటు పూత, వానలకు నాచు పట్టి నల్లబడింది. మాకు వచ్చే వెలుగంతా ఆకాశంనుంచి ఆ గోడ మీద పడి, అక్కడినుంచి మా ఇంట్లోకి దూరవలసిందే. ఆ గోడకు తెల్లసున్నం వేస్తే బాగుంటుందని పక్కింటి ఖాలాను అడగడానికి వెళ్ళాను. ఎంత మొహమాటపడ్డానో! ఆమె నవ్వి, "మా గోడకు మీరు సున్నం వేస్తే మాకేం నష్టం బేటీ? రంజాన్ ముంగట వేయిస్తే ఇంకా మంచిది" అన్నారు. వేయించాం. రోషన్‌దాన్‌కు పావురాలు రాకుండా ఎప్పుడో అడ్డం పెట్టిన అట్టముక్క తీయించి, సన్నని జాలీ, అద్దం పెట్టించాం. కిటికీ చిన్నదే అయినా, మందపు గోడలో దాని పక్కతలాలను లోపలివైపు ఏటవాలుగా చెక్కించి తెల్లగా పూయించాం. గోడ మందమే వెలుగును మింగేస్తున్నదని అప్పుడు తెలిసింది. ఇంకా ఒక్క అలమరైనా బిగించకుండానే, పదింటికి దీపం లేకుండా బియ్యం ఏరుకునే స్థితికి వచ్చాం.

సున్నంలో కాస్త నీలిమందు కలపడం మన తాతలనాటి అలవాటు. తెలుపు పాతబడితే పసుపుగా తిరుగుతుంది. ఆ పసుపును నీలం కొట్టేస్తుంది. కంటికి తెలుపు ఇంకా తెల్లగా తోస్తుంది. మగవారి పంచెలకు నీలిమందు పెట్టేదీ ఇందుకే. మోతాదు మించితే వంటిల్లు ఆస్పత్రి వార్డులా తయారవుతుంది, జాగ్రత్త.

నీలం సంగతి వచ్చింది కాబట్టి ఒక దొరసానిగారి కథ చెప్పాలి. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరెటె షుట్టె-లిహొట్స్కీ అనే వాస్తుశిల్పి సామాన్య కుటుంబాలకోసం ఒక చిన్న వంటిల్లు రూపొందించింది. ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండడుగుల పొడవు – మా వంటిల్లు దాదాపు అంతే. అటువంటివి సుమారు పదివేలు కట్టారు. ఈనాడు మనం మాడ్యులర్ కిచెన్ అని గొప్పగా చెప్పుకునేదానికి తల్లి అదే. అందులో అలమరలకు నీలం రంగు వేశారు. ఎందుకంటారా? నీలం మీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మకం! ఈగలు ఆ శాస్త్రం చదివాయో లేదోగాని, రంగు వేయడానికి అందంతోబాటు ఇంకొక కారణం వుండాలని ఆ తల్లి పట్టుబట్టడం నాకు నచ్చింది.

అలమరల రంగు దగ్గర మా వడ్రంగికీ నాకూ రెండు రోజులు వాదం నడిచింది. పనివాడు మంచివాడే. "అమ్మా, మెరూన్ పెట్టుండ్రి. మైల కనబడదు, పదేండ్లు ఫికర్ లేదు" అన్నాడు. మైల కనబడకపోతేనే నాకు ఫికర్. చీకటింట్లో కనబడని మైలలో బొద్దింకలు సంసారం పెడతాయి. పైగా ఎరుపుకు ఒక గుణం వుంది. వెలుతురు తగ్గినకొద్దీ మన కంటికి ముందు నల్లబడేది ఎరుపే. నీలాలూ పచ్చలూ ఇంకాసేపు నిలబడతాయి. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యె 19వ శతాబ్దంలోనే ఇది గమనించాడు. సంజవేళ దీపం పెట్టకముందు పెరట్లో ఎర్రమందారం వంక చూడండి. ఆకులు ఇంకా కనబడుతూనే వుంటాయి, పువ్వు నల్లబడిపోతుంది. దుకాణంలో దానిమ్మగింజలా మెరిసే మెరూన్ మా వంటింటికి వచ్చేసరికి బొగ్గుబస్తా అవుతుంది.

కంటి ఎత్తున వుండే పై అలమరలకు మీగడ రంగు వేయించాం. తలుపులు తీస్తే లోపలకూడా తెలుపే. లోపల వక్కరంగు వదిలేస్తే ఏ డబ్బా ఎక్కడుందో తడుముకోవాలి. కింది అలమరలకు లేత పెసరరంగు. తడిచేతుల మరకలు, పిల్లల కాళ్ళ గుర్తులు దానిమీద మరీ అల్లరిచెయ్యవు, అలాగని పూర్తిగా దాక్కోనూ దాక్కోవు. అద్దంలా మెరిసే పూత వెలుగును బాగా తిప్పికొడుతుందన్నమాట నిజమే. కాని శుక్లమున్న కంటికి ఆ మెరుపు సూదిలా గుచ్చుకుంటుంది. అరవై దాటినవారి కంటి లోపలి తెరకు, ఇరవై ఏళ్ళవారికి చేరే వెలుగులో సుమారు మూడోవంతే చేరుతుందంటారు వైద్యులు. వెలుగు ఎక్కువ కావాలి, మెరుపు మాత్రం పనికిరాదు – ముసలికన్ను పెట్టే పేచీ ఇది. అందుకే పట్టులాంటి మెత్తని నిగారింపున్న సన్‌మైకా ఎంచాం. అత్తగారు దానిమీద చెయ్యి ఆనించి చూసి, "తెల్లగుంటె మంచిగనే ఉంటది బిడ్డా, గని గట్టు అంచు ఏడున్నదో నాకు తెల్వాలె గద" అన్నారు.

అదే అసలు మాట. రంగుల పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్న మాకందరికీ ఆమె ఒక్క ముక్కలో దారి చూపారు. నల్ల గట్టును తీసెయ్యకుండా, ముందంచు పొడుగునా రెండు వేళ్ళ వెడల్పు తెల్లని పట్టీ దిగవేయించాం. చలువరాయి వద్దన్నాను. చింతపండు, నిమ్మకాయ పులుపు తగిలితే అది చెడిపోతుంది. విట్రిఫైడ్ టైలు ముక్కలైతే ఆ బాధ లేదు. ఇప్పుడు గట్టు ఎక్కడ ముగుస్తుందో వీధిగుమ్మంలోంచి చూసినా తెలుస్తుంది. నలుపు మీద బియ్యపుగింజా, పప్పుబద్దా చక్కగా కనబడతాయి. ఆవాలు మాత్రం కనబడవు, వాటికి స్టీలు పళ్ళెం వుంది.

పాత ఇంట్లో రంగుకంటే ముందు తెగులు చూసుకోవాలి. సున్నపు గోడలు నేలలోంచి చెమ్మ పీల్చి, గాలికి ఆరబెట్టుకుంటూ వుంటాయి. వాటికి కప్పుదాకా టైల్సు అంటించినా, నూనెరంగు పూసినా చెమ్మకు దారి మూసినట్లే. అది లోపలే వుండి పూత పొంగిస్తుంది. మేము గట్టునుంచి పై అలమరల అడుగుదాకా రెండడుగుల ఎత్తే టైల్సు వేయించి, మిగతా గోడకు సున్నమే వుంచాం. కింది అలమరలకు ఐ.ఎస్. 710 ముద్రవున్న ప్లైవుడ్ తీసుకుని, వెనక గోడకు తగలకుండా వేలెడు సందు వదిలించాను. వడ్రంగి ఈసారి వాదించలేదు.

ఇక టైలు. న్యూయార్క్ నగరంలో 1904లో భూగర్భ రైలు మొదలైనప్పుడు స్టేషన్ల గోడలకు మూడంగుళాలు వెడల్పు, ఆరంగుళాలు పొడవు వుండే తెల్లటి నిగనిగల పలకలు వేశారు. నేలకింద చీకటి కదా, వెలుగు తిరిగి రావాలి, తుడిస్తే మురికి పోవాలి. ఇప్పుడు వంటిళ్ళలో సబ్‌వే టైలు అని వేసేది అదే. మరి చీకటి వంటింటికి అదే సరిపోతుందికదా అనిపిస్తుంది. కాని న్యూయార్కు స్టేషన్లలో ఎవరూ పోపు పెట్టరు! చిన్న పలకలంటే ఎన్నో సందులు. ప్రతి సందులోనూ పసుపు, నూనె. పసుపు మరకకు విరుగుడు ఎండ. ఎండలో ఆరేసిన గుడ్డమీద పసుపు దానంతటదే వెలిసిపోవడం మనమెరిగిందే. మా వంటింట్లో ఎండేదీ? అక్కడ పడ్డ పసుపు అక్కడే కాపురం. కాబట్టి పెద్ద పలకలు, తక్కువ సందులు తీసుకుని, సందుల్లో తెల్లసిమెంటుకు బదులు ఎపాక్సీ నింపించాం. ఖరీదు ఎక్కువేగాని, మరక పీల్చదు.

రంగు మీగడతెలుపే, ఒక్కచోట తప్ప. పొయ్యి వెనక రెండున్నరడుగుల మేర నెమలికంఠం రంగు పలకలు వేశాం. చూసినవారు ముచ్చటకోసమనుకుంటారు. గ్యాసు మంట నీలంగా, పల్చగా వుంటుంది. వయసుతో కంటిలోని కటకం పసుపు తిరిగి నీలాన్ని సగం ఆపేస్తుంది. సిమ్‌లో పెట్టిన మంట తెల్లగోడ ముందు ఆ కంటికి కనబడదు, ముదురు గోడ ముందు కనబడుతుంది. ఇల్లంతా వెలుగు చేసి మంటను మాయం చేస్తే ఏం లాభం?

ఈ పచ్చనీలాల మీద నాకు మనసు పోవడానికి మరొక కారణం కూడా వుందిలెండి. పత్తర్‌గట్టిలో చీరెలు కొనడానికి వెళ్ళినప్పుడు దగ్గరే వున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూడండి. చార్మినారు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే దాన్నీ కట్టించాడు. లోపలి గోడలకు 1611 నాటి మెరుగుపలకల పని. పసుపు, నీలం, పచ్చ ముక్కలు కోసి పొదిగారు. 1908 మూసీ వరదకు కిందిభాగం దెబ్బతిన్నా, పైన రంగులు ఇంకా వున్నాయి. మొహర్రం సంతాపానికి కూడే పవిత్రస్థలం అది, వంటింటికి నమూనా అనడం లేదు. నీడపట్టున వున్న గోడమీద ఏ రంగులు నిలబడతాయో నాలుగు వందల ఏళ్ళుగా అక్కడ వుందని మాత్రం చెబుతున్నాను.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. పట్టుచీరెను దుకాణం దీపాల కింద నమ్మక, వీధిలోకి తెచ్చి పగటివెలుగులో చూస్తాం కదా? టైలుకు ఇది తిరగేసి చెయ్యాలి. ట్రూప్ బజారు దుకాణాల్లో వరసదీపాల కింద ప్రతి పలకా పెళ్ళికూతురే. ఒక్కొక్కటి నమూనా తెచ్చుకుని మీ చీకటి గోడకు నిలువుగా ఆనించి, పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం, రాత్రి దీపం వేశాక చూడండి. నేను నాలుగు తెచ్చాను. దుకాణంలో దంతంలా వున్నది మా ఇంట్లో పాత అప్పడంలా కనిపించింది. మూడు తిరిగిచ్చేశాను.

రాత్రివేళకు రంగులన్నీ దీపం చెప్పినట్టు వినవలసిందే. గది నడుమ కప్పుకు వేలాడే దీపం మన వెనక వుంటుంది. మన నీడే కత్తిపీట మీద పడుతుంది. పై అలమరల అడుగున, ముందంచుకు దగ్గరగా సన్నని ఎల్‌.ఇ.డి. పట్టీ పెట్టించి, అది కంట్లో పడకుండా చిన్న చెక్కపట్టీ అడ్డం కొట్టించాం. మరీ నీలితెలుపు దీపం మీగడ రంగును జ్వరం తగిలిన ముఖంలా చేస్తుంది. మరీ పసుపు దీపంలో పసుపేదో శనగపిండేదో తెలియదు. 4000 కెల్విన్ అని రాసివున్నది రెంటికీ మధ్యస్థం. స్విచ్చి గుమ్మం పక్కన, అత్తగారి చేతికందే ఎత్తున పెట్టించాం. తెల్లగోడమీద తెల్లస్విచ్చి ఆమెకు కనబడదని, చుట్టూ పెసరరంగు సన్‌మైకా ముక్క అతికించిపోయాడు వడ్రంగి. అది ఎవరూ చెప్పకుండా, తనంతట తనే చేశాడు.