పోగు కోసం పుట్టిన చల్లగాలి

పత్తి పోగు గాలిలోని తేమను పీల్చుకుని బతుకుతుంది. గాలిలో తేమ 65 శాతం ఉంటే నూలు తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టి ఉంచుకుని బలంగా, సాగే గుణంతో ఉంటుంది. షోలాపూర్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలకు చేరి, తేమ 20 శాతానికి పడిపోతే అదే పోగు పెళుసెక్కుతుంది. పడుగు తెగుతుంది, మగ్గం ఆగుతుంది. నేసినదాన్ని బట్టే కూలి కాబట్టి, ఆగిన మగ్గం ఇంట్లో గింజలకు లోటు.

తెలంగాణ పల్లెల నుంచి షోలాపూర్‌కు వలస వచ్చిన పద్మశాలీలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల తాతలు నేసిన గుంట మగ్గంలో నేల చెమ్మ పడుగుకు అందేది. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వచ్చింది. తర్వాత పవర్‌లూమ్‌లు పేటల్లోకి, ఇళ్ల పక్క రేకుల షెడ్లలోకి వచ్చాయి. మగ్గం గుంట వదిలి పైకొచ్చింది, నేల చెమ్మ పోయింది. షోలాపూర్ చద్దరు, టవలు దేశమంతా పేరు తెచ్చుకున్నది ఈ షెడ్ల వేడిలోనే.

పోగుకు తేమ అందించే యంత్రం చరిత్రలో మనిషి చాలాకాలం లెక్కలోకి రాలేదు. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు యజమానులు నేత శాలల్లోకి నేరుగా ఆవిరి వదిలేవారు. పోగు బాగుండేది, నేసేవాడు ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. కార్మికుల పోరు ఫలితంగా 1889లో ఆ తేమకు చట్టం హద్దు పెట్టింది. అమెరికాలో విల్లిస్ కేరియర్ 1902లో మొదట కాగితం కోసం, బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్ఖానాలో, గాలి తేమను అదుపు చేశాడు. గాలిని నీటి తుంపరల్లోంచి పంపే పరికరానికి 1906లో పేటెంటు పొందాడు. అదే ఏడాది నూలు మిల్లుల ఇంజనీరు స్టువర్ట్ క్రేమర్ ఈ విద్యకు ఎయిర్ కండిషనింగ్ అని పేరు పెట్టాడు. ఈనాడు మన పడకగదుల్లోకి వచ్చిన చల్లదనం మొదట కాగితానికీ నూలుకూ సేవ చేసిందే.

చిన్న కార్ఖానాలో ఆ యంత్రానికి పేద చుట్టం కూలర్. తడి గడ్డి తడికల్లోంచి గాలి వెళ్తుంది, నీరు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. గాలి చల్లబడుతుంది, తేమా పెరుగుతుంది. పోగుకూ మనిషికీ ఒకేసారి మేలు చేసే యంత్రాలు అరుదు, ఇది వాటిలో ఒకటి.

మరి కూలర్ తిరుగుతున్నా గాలి చల్లబడకపోతే? మొదట నూలు నలకను అనుమానించాలి. మగ్గాల నుంచి లేచిన నలక తడికలకు అంటి గాలిని ఆపేస్తుంది, నీళ్లలో పడి పంపు జాలిని మూసేస్తుంది. నీరు పైదాకా ఎక్కదు, తడికలో ఎండిన చోటు మిగులుతుంది, అక్కణ్ణించి వేడిగాలి దర్జాగా లోపలికొస్తుంది. బోరునీటి ఉప్పు తెల్లగా పేరుకున్నా అంతే. తొట్టి నీళ్లు తరచూ మార్చాలి. నిలవ నీటి వాసన షెడ్డంతా పాకితే అది ఊపిరితిత్తులకూ చేరుతున్నట్టే. 1948 ఫ్యాక్టరీల చట్టం 15వ సెక్షన్ గాలికి తేమ కలిపే నీరు తాగునీటి వనరుదో, శుద్ధి చేసిందో అయి ఉండాలంది. చట్టం పరిధిలోకి రాని చిన్న షెడ్డులో నేసేవాడికీ ఊపిరితిత్తులు అవే కదా.

అన్నీ సరిగా ఉన్నా ఉక్కపోస్తే ఎదుటి కిటికీ చూడాలి. లోపలి తడిగాలికి బయటికి దారి లేకపోతే చెమట ఆరదు. దుమ్ము వస్తుందని కిటికీ మూసేసే అలవాటే ఎక్కువ కూలర్లకు చెడ్డపేరు తెస్తుంది.

యంత్రం ఎంతవరకు చల్లబరచగలదో తేల్చడానికి రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెట్టాలి. 40 డిగ్రీల ఎండలో 20 శాతం తేమ ఉంటే తడిది దాదాపు 23 చూపిస్తుంది, మంచి కూలర్ 26 దాకా దించగలదు. జూన్ వానల్లో 30 డిగ్రీలు, 80 శాతం తేమ అయితే తడిది 27 దగ్గరే ఆగుతుంది. అప్పుడు మెకానిక్కును పిలిచి లాభం లేదు. పంపు ఆపి, కిటికీలు తెరిచి, ఫ్యాను ఒక్కటే తిప్పాలి. పోగుకు కావలసిన చెమ్మ ఆ వాన గాలే తెస్తుంది.