కత్తికి పదను



తెలుగున పదను అను మాటకు రెండర్థములు కలవు. వానకు తడిసిన నేల విత్తుటకు తగిన స్థితికి వచ్చినప్పుడు పదనైనదందురు. కత్తి యంచునకు గల తీక్ష్ణతయు పదనే. మా ఉరవకొండ మెట్టసీమలో మొదటి పదనుకై రైతు ఆకాశమువంక చూచుచుండును. తడి యెక్కువైన నాగలి సాగదు. తక్కువైన విత్తు మొలవదు. లోహమునకును ఇట్టి నడిమి స్థితియే కావలెను. ఇది యెఱుగక కొందఱు కత్తిని ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి పని ముగిసినదనుకొందురు. అట్టి కత్తి జాఱిపడిన గాజువలె పగులును. తునక కంటికి తగిలిన చూపునకే మోసము.

నేను బడిలో వ్యాకరణము చెప్పినవాడను. ఉద్యోగము చాలించిన పిదప కమ్మరుల కొలిమి యొద్ద కూర్చుండి ఈ పని నేర్చితిని.

మొదట లోహమును ఎంచుకొనవలెను. మేకులు, మెత్తని కడ్డీలు ఎంత కాల్చి ముంచినను గట్టిపడవు. వానియందు కర్బనము చాలదు. నూటికి 0.6 మొదలు 1 వఱకు కర్బనముగల ఉక్కు తగినది. అరిగిన ఆకురాయి, లారీ కమాను పట్టా సాధారణముగా గట్టిపడు ఉక్కువే. ఉక్కునకు మన దేశము మునుపే పేరుపడినది. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కుకొఱకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి.

రూపు దీర్చిన కత్తిని బొగ్గుల కొలిమిలో మెల్లగా కాల్పవలెను. ఎండలో ఎఱుపు తెలియదు గనుక నీడపట్టున చేయుట మేలు. కంటికన్న అయస్కాంతము నమ్మదగినది. సెంటిగ్రేడు 770 డిగ్రీల చాయలో ఇనుము అయస్కాంతమున కంటుట మానును. అంతకు కొంచెము పైకి, కత్తి యంతయు ఒకే రంగు తేలువఱకు కాల్చిన చాలును. పసుపు దేఱునట్లు కాల్చితిరా, లోపలి రేణువులు పెరిగి, విఱిచి చూచిన పటికబెల్లపు ముక్కవలె గరుకుగా కనబడును. అది పనికిరాదు.

ఆ వేడిలో కర్బనము ఇనుమునందు కరగి యుండును. ఒక్కసారిగా చల్లార్చినచో వేఱుపడుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొని లోహమును బిగదీయును. కాఠిన్యమునకును పెళుసుదనమునకును కారణమిదియే. దీనినే మన పూర్వులు పాయనమనిరి, అనగా త్రాగించుట. సుశ్రుతుడు శస్త్రములకు క్షారము, జలము, తైలము అని మూడు పాయనములు చెప్పి, సిరలను వేధించు పనిముట్లకు తైలమును విధించెను. ఎంత సూక్ష్మమైన చూపు! నీట ముంచిన పలుచని యంచు టింగుమని చిట్లవచ్చును. నూనె నెమ్మదిగా చల్లార్చును. మా జిల్లాలో వేరుశనగ నూనెకు కొదువ లేదు. దానిని 50 డిగ్రీల వఱకు వెచ్చజేసిన పలుచనై వేడిని చక్కగా లాగును. ఇనుప పాత్రనే వాడి, మూతను చేరువ నుంచుకొనుడు. మంట లేచిన మూసివేయవచ్చును. కత్తిని మొన క్రిందుగా నిలువున దించవలెను. ప్రక్కకు ఆడించిన వంకరపోవును. పిదప ఆకురాతితో రాచిన జాఱవలెను. పట్టిన గట్టిపడలేదన్నమాట.

ఇక అసలు సంగతి. చల్లారిన వెంటనే, మఱునాటి కాపక, కత్తిని మరల కొంచెము కాచవలెను. అందువలన చిక్కిన కర్బనము కొంత వెలువడి బిగువు సడలును. కత్తిని తళతళలాడునట్లు రాచి, వీపుభాగమును కాలిన మందపు ఇనుపకడ్డీపై నుంచినచో రంగులు అంచువైపు నడచును: 220 డిగ్రీల ప్రాంతమున లేత గడ్డివన్నె, 260కి గోధుమవన్నె, 280కి ఊదా, 300కి నీలము. కూరగాయల కత్తికి గడ్డివన్నె అంచును చేరగానే ఆపి నీట ముంచుడు. కంపలు నఱకు మచ్చుకత్తికి గోధుమవన్నె దాటనిచ్చిన మేలు, దెబ్బ కోర్చును. రొట్టెలు కాల్చు విద్యుత్ పొయ్యి గలవారు 200 డిగ్రీలలో రెండు గంటలుంచిన, రంగులను నమ్ముకొనుటకంటె నిక్కమైన పని యగును.

సానచక్రముపై పట్టునప్పుడు మాటిమాటికి నీట తడుపుచుండవలెను. అంచున నీలిచాయ కనబడెనా, అచ్చటి పదను పోయినది. ఆ మేర అరుగదీయవలెను, లేదా మరల కొలిమికి పోవలెను.