మరమ్మతు కూడా అమానతే

సీలేరు నదిపైనున్న డొంకరాయి జలాశయానికి చింతూరు, మోతుగూడెం మీదుగా కుటుంబసమేతంగా వెళ్లేవారు ముందే బ్రేకులు పరీక్ష చేయించుకోవాలి. ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. తక్కువ గేరులో దిగడమే క్షేమం.

అడవిదారిలో బండి ఆగితే మెకానిక్ చెప్పిందే ధర. కాని ప్రయాణికుని నిస్సహాయతకు వెల కట్టడం న్యాయం కాదు. తూనికల్లో మోసగించేవారిని దివ్యఖుర్ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ధాన్యపు రాశి అడుగున తడిని దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త ముహమ్మద్ (స) మందలించారు. పాత విడిభాగాన్ని కొత్తదని చెప్పి బిగించడమూ అటువంటిదే.

పని మొదలుపెట్టకముందే విడిభాగం ధర, కూలి వేర్వేరుగా అడగండి. తీసేసిన భాగాన్ని చూపించమనండి. పని పూర్తయ్యాక మాత్రం బేరమాడకుండా, చెమట ఆరకముందే కూలి చెల్లించండి. మెకానిక్ చేతిలో మన వాహనం ఎలా అమానతో, మన చేతిలో అతని కష్టార్జితమూ అలాగే అమానత్.