ఎల్‌ఈడీ దీపము: వెలుగు లెక్క

1907వ సంవత్సరమున మార్కోనీ సంస్థయందు పనిచేయుచుండిన హెన్రీ రౌండ్ అను ఆంగ్లేయుడు, కార్బొరండమ్ అను స్ఫటికము రేడియో తరంగములను పట్టుటకు ఎంతవరకు అక్కఱకు వచ్చునో పరీక్షించుచు, దానిపై రెండు బిందువులనడుమ 10 వోల్టుల పీడనము నెలకొల్పగా, ఆ రాయి పసుపుపచ్చని వెలుగును వెదజల్లెను. అతడు ఆ వింతను ఒక విద్యుత్పత్రికకు చిన్న లేఖగా వ్రాసి పంపి, మరల తన రేడియో పనిలో మునిగిపోయెను.

ఆ వెలుగు ఎట్టిదని తరచి చూచినవాడు రష్యాలోని నిజ్నీ నోవ్‌గొరోద్ రేడియో ప్రయోగశాలకు చెందిన ఒలెగ్ లోసెవ్. వెలుగుచున్న స్ఫటికముపై ఇతడొక బెంజీను బిందువును ఉంచి, అది ఆవిరియగు వేగమును గమనించి, వెలుగు లేనపుడెంతయో ఉన్నపుడును అంతయేయని కనుగొని, ఇది కాగి వెలుగు తీగవంటిది కాదనియు, వేడిమితో పనిలేని శీతల కాంతియనియు నిశ్చయించెను. ఒక ద్రవబిందువుతో ఇంతటి సత్యమును రాబట్టిన ఆ బుద్ధికుశలతకు నేను చేతులు జోడింపక యుండలేను. 1927లో తన ఫలితములను ప్రకటించిన ఈ మేధావి, 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడియందు అన్నములేక మరణించెను. అప్పటికి అతనికి నలువది యేండ్లయినను నిండలేదు.

1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హొలోన్యాక్, గాలియమ్, ఆర్సెనిక్, భాస్వరములు కూడిన స్ఫటికమునుండి ఎఱ్ఱని వెలుగును రప్పించెను. డయోడు అనబడు అట్టి స్ఫటికమున ఒకవైపు ఎలక్ట్రానులును, మఱియొకవైపు వానికి చోటిచ్చు రంధ్రములును అధికముగా నుండును. విద్యుత్తు ఈ రెంటిని ఆ వైపులు కలియు సంధియొద్దకు త్రోయగా, ఎలక్ట్రాను రంధ్రమున పడి, తాను కోల్పోయిన శక్తిని కాంతికణముగా విడుచును. ఆ శక్తి పెరిగినకొలది వెలుగు నీలివైపునకు జరుగును. కావుననే ఎఱ్ఱ డయోడునకు సుమారు 2 వోల్టులు చాలగా, నీలి డయోడునకు సుమారు 3 వోల్టులు కావలయును. ఆ నీలి వెలుగు కొఱకు లోకము మఱి ముప్పది యేండ్లు వేచియుండవలసివచ్చెను. లోపములు లేని గాలియమ్ నైట్రైడ్ స్ఫటికమును పెంచుట దుస్సాధ్యమని పెక్కురు విడిచిపెట్టిన కాలమున, నగోయాలో ఇసాము అకసాకి, హిరోషి అమానోలును, తొకుషిమాలోని నిచియా సంస్థలో షూజీ నకమురాయు పట్టు విడువక శ్రమించిరి; 1993 నాటికి ప్రకాశవంతమైన నీలి దీపము వెలిసెను, 2014లో ఆ మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను. నీలి దీపముపై పసుపుపచ్చని వెలుగునిచ్చు పొడిని పూయగా, రెండు వన్నెలు కలిసి కంటికి తెలుపుగా తోచును. అయితే నీలి కణమొక్కటికి పసుపు కణ మొక్కటియే పుట్టును, దాని శక్తియో తక్కువ. కావున పొడిచే మార్పబడిన కాంతిలో సుమారు ఐదవ వంతు వేడిమియై పోవుట తప్పదు.

ఇక లెక్కకు వత్తము. వెలుగును కొలుచు ల్యూమెన్ అను ప్రమాణమున మన కంటికిని భాగమున్నది. కన్ను మిక్కిలి చక్కగా గ్రహించునది 555 నానోమీటర్ల పచ్చని కాంతి. ఆ వన్నెలో ఒక వాట్టు 683 ల్యూమెన్లకు సమానము. ఎఱుపునకును నీలమునకును పోవుకొలది ఈ విలువ వేగముగా పడిపోవును. పాత 60 వాట్ల తీగ బల్బు ఇచ్చునది సుమారు 800 ల్యూమెన్లు, అనగా వాట్టునకు పదమూడు.

12 వోల్టుల బ్యాటరీకి ఒక తెల్ల ఎల్‌ఈడీని తగిలింపగోరుదుమనుకొందము. దానికి 3 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లు చాలును. తక్కిన 9 వోల్టులను భరించుటకు 450 ఓముల రెసిస్టరును పెట్టవలయును. అపుడు బ్యాటరీ 240 మిల్లీవాట్లు ఇచ్చుచుండగా దీపమునకు చేరునది 60 మాత్రమే. మిగిలిన 180 రెసిస్టరును కాచుటకే సరిపోవును. ఆ ఎల్‌ఈడీ వాట్టునకు 100 ల్యూమెన్లు ఇచ్చునదైనను, మనకు దక్కునవి 6 ల్యూమెన్లు. బ్యాటరీనుండి లెక్కించిన వాట్టునకు 25. అవే దీపములను మూడింటిని వరుసగా కలిపి, 150 ఓముల రెసిస్టరు నుంచితిమేని, అదే 240 మిల్లీవాట్లకు 18 ల్యూమెన్లు వచ్చును. అట్లయిన నాలుగింటిని కలిపి రెసిస్టరును తీసివేయరాదా యని తోచుట సహజము. తీసివేయరాదు: డయోడునందు వోల్టేజి ఇంచుక పెరిగిన ప్రవాహము విపరీతముగా పెరుగును, నిండుగా చార్జి అగుచున్న బ్యాటరీ 14 వోల్టులు చూపినచో ఆ నాలుగును మాడిపోవచ్చును. అందుచేతనే మంచి దీపములలో ప్రవాహమును స్థిరముగా నిలుపు డ్రైవరు నమర్చుదురు. డ్రైవరు నూటికి 85 పాళ్లు దీపమునకు అందించునదియు, వెలుగునిచ్చు చిప్పు వాట్టునకు 120 ల్యూమెన్లు ఇచ్చునదియు, పైమూత నూటికి 90 పాళ్లు బయటికి విడుచునదియు నైనచో, 9 వాట్ల బల్బునుండి సుమారు 826 ల్యూమెన్లు వచ్చును. పెట్టెమీద చిప్పు సామర్థ్యమును మాత్రమే అచ్చువేయుట కొనువానికి అన్యాయము. గోడవద్ద తీసికొన్న వాట్టులకును, గదిలో పడిన ల్యూమెన్లకును గల నిష్పత్తియే తెలుపవలసినది.

అంతకంటె ఎక్కువగా మోసపుచ్చునది కాండెలా అను కొలత. కుళాయి గొట్టము మూతిని వ్రేలితో నొక్కిన ధార దూరము పోవునే గాని నీరు పెరగదు, వెలుగును అంతే. 20 డిగ్రీల సన్నని కోణములో 10 కాండెలాలు చూపు దీపము మొత్తముమీద విడుచునది ఒక ల్యూమెనునకు లోపే. 120 డిగ్రీల విశాల కోణములో 2 కాండెలాలు మాత్రమే చూపునది 6 ల్యూమెన్లకు పైగా ఇచ్చును. ఏ దిశ నెంత వెలుగన్నది కాండెలా చెప్పును. మొత్తము వెలుగెంతయో తెలియవలెనన్న కోణమును గూడ గుణింపవలయును.

లోసెవ్ శీతలమన్నది కాంతియే గాని దీపము కాదు. వెలుగుగా మారని శక్తి సంధియందే వేడిమియై నిలుచును. వేడెక్కినకొలది వెలుగు తగ్గును, ఆయువును క్షీణించును. కావుననే ప్రయోగశాలలో కొలుచువారు దీపమును వెలిగించిన క్షణముననే అంకెను వ్రాసికొనరు. లోపల తెల్లని పూతగల బోలు గోళమున నుంచి, దాని వేడిమి నిలకడకు వచ్చువరకు వేచి, అన్ని దిశల వెలుగును గోళపు గోడలు సమముగా కలిపిన పిమ్మట, ఆ గోడమీది కాంతిని కొలిచి, ల్యూమెన్లను లెక్కగట్టుదురు.