మూడు వారాల కెమిస్ట్రీ

అమెరికా కళాశాలల లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, ఆ పాఠం కోసం బయట కనీసం రెండు గంటల చదువు, ఇలా సుమారు 15 వారాలు. మూడు క్రెడిట్ల కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి దాని మీద 135 గంటలు పెట్టి ఉండాలి. అదే కోర్సును జనవరిలో మూడు వారాలకు కుదిస్తే వారానికి 45 గంటలు పడతాయి. శని ఆదివారాలు వదిలేస్తే రోజుకు తొమ్మిది. కెమిస్ట్రీకి ల్యాబ్ కూడా ఉంటుంది కాబట్టి ఆ గంటలు అదనం. అయినా ఈ బేరానికి ఒప్పుకునే విద్యార్థులకు కొదవ లేదు. క్రిస్మస్ సెలవులకూ వసంతకాలపు సెమిస్టర్‌కూ మధ్య ఊరికే పోయే రోజుల్లో ఒక కోర్సు గట్టెక్కుతుందంటే ఎవరికి చేదు? గంటలు గంటలే కదా, పదిహేను వారాల మీద పరిస్తేనేం, మూడు వారాల్లో పోగేస్తేనేం అన్నది ఈ కోర్సుల వెనక ఉన్న ఊహ. కెమిస్ట్రీ విషయంలో ఇది సగమే నిజం. ప్రయోగశాలలో చేసే పనికి ఈ కుదింపు మేలు చేస్తుంది. తరగతిలో చెప్పే సిద్ధాంతానికి, ముఖ్యంగా దాన్ని మొదటిసారి చదివేవారికి, కీడు చేస్తుంది. రెంటినీ ఒకే మూటగా కట్టి జనవరిలోకి నెట్టడం దగ్గరే చిక్కంతా ఉంది.

అసలు ఈ శీతాకాలపు టర్మ్ పుట్టింది కోర్సులను తొందరగా ముగించడానికి కాదు. 1960ల తొలి ఏళ్లలో ఫ్లోరిడాలోని ఫ్లోరిడా ప్రెస్బిటేరియన్ కాలేజీ, అంటే నేటి ఎకర్డ్ కాలేజీ, ఏడాదిని నాలుగు, ఒకటి, నాలుగుగా విడగొట్టింది. శరదృతువులో నాలుగు కోర్సులు, జనవరిలో ఒక్కటే ఒక్కటి, వసంతంలో మళ్లీ నాలుగు. తర్వాత విలియమ్స్, ఓబర్లిన్, మిడిల్‌బరీ వంటి కళాశాలలు తమ తమ పద్ధతుల్లో జనవరిని ఇలా వేరుచేసి పెట్టుకున్నాయి. సిలబస్‌లో చోటు దొరకని అంశాన్ని ఒంటి మనసుతో చదవడం, ఒక ప్రాజెక్టు పట్టుకుని కూర్చోవడం, దూరదేశం వెళ్లి చూసి రావడం ఆ నెలకు మొదట అనుకున్న పనులు. పరీక్షల బరువు తక్కువ, కుతూహలానికి చోటెక్కువ. కాలక్రమంలో కొన్ని విద్యాసంస్థలు ఈ ఖాళీని మరోలా చూశాయి. తప్పనిసరి కోర్సులను, జనరల్ కెమిస్ట్రీతో సహా, మూడు నాలుగు వారాల్లో చెప్పేస్తే వెనకబడినవాళ్లు అందుకుంటారు, తొందరున్నవాళ్లు ముందుకు పోతారు, కళాశాలకు ఫీజు వస్తుంది. ఆ ఫీజు సంగతి ఎవరూ పైకి అనరు గానీ లెక్కలో అదీ ఉంటుంది.

ముందు ల్యాబ్ సంగతి చూద్దాం. మామూలు సెమిస్టర్‌లో ల్యాబ్ వారానికి ఒక్కసారి, మూడు గంటలు. ఈ వారం టైట్రేషన్, వచ్చే వారం స్ఫటికీకరణం, ఆపై వారం స్వేదనం. బెంజోయిక్ ఆమ్లాన్ని శుద్ధి చేసే ప్రయోగమే తీసుకుందాం. కల్తీ పదార్థాన్ని వేడి నీటిలో కరిగించాలి, వేడి మీదే వడగట్టాలి, ద్రావణాన్ని తొందరపెట్టకుండా చల్లారనివ్వాలి. తొందరపడి ఒక్కసారిగా మంచులో పెడితే స్ఫటికాలు చిన్నవై, మలినాలను తమలోనే బంధించుకుంటాయి. తర్వాత వడగట్టి, ఆరబెట్టి, తూచి, ద్రవీభవన స్థానం చూడాలి. శుద్ధమైనదైతే 122 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఠక్కున కరుగుతుంది. మలినం ఉంటే అంతకంటే ముందే మొదలై నాన్చుకుంటూ కరుగుతుంది. ఈ పనంతా మూడు గంటల్లో ఇమడదు. స్ఫటికాలు ఆరడానికే ఒక రాత్రి పడుతుంది. వారానికోసారి వచ్చే విద్యార్థి మళ్లీ వాటి ముఖం చూసేది ఏడు రోజుల తర్వాత. అప్పటికి కొత్త ప్రయోగం ఎదురుచూస్తుంటుంది. పాత సీసాలో ఉన్నది ఎందుకు 118 దగ్గరే కరగడం మొదలుపెట్టిందో ఆలోచించే తీరిక ఉండదు, తప్పు దిద్దుకుని మళ్లీ చేసే అవకాశం అసలే ఉండదు. రికార్డులో అంకె వేసి ముందుకు పోతాడు. జనవరిలోనైతే నిన్న సాయంత్రం వడగట్టినదాన్ని ఈ ఉదయమే పరీక్షిస్తాడు, బాగా రాకపోతే మధ్యాహ్నం మళ్లీ మొదలుపెడతాడు. తప్పుకూ దాని కారణానికీ మధ్య దూరం ఒక్క రాత్రి.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ఈ కిటుకును బాగా పట్టుకుంది. అక్కడ 1971 నుంచీ జనవరి నెలను స్వతంత్ర కార్యకలాపాల కాలంగా కేటాయిస్తున్నారు. అందులో మొదటి సంవత్సరం పిల్లల కోసం నడిపిన ఒక కెమిస్ట్రీ కోర్సులో పాఠాలు నామమాత్రం, ల్యాబ్ పనే అసలు సరుకు. పదార్థాలను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి నష్టం లేకుండా మార్చడం, స్ఫటికీకరణం, స్వేదనం, కాలమ్ క్రొమటోగ్రఫీ, ప్రోటీన్ పరీక్షలు వంటి నైపుణ్యాలను నెల రోజుల్లో చేతికి పట్టించడం దాని పని. 2012లో 14 మంది విద్యార్థులు ఈ కోర్సు ఎలా నెగ్గుకొచ్చారో చూపే వీడియోలను ఆ సంస్థ అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. కోర్సు నెగ్గినవారికి పరిశోధనా ప్రయోగశాలలో పని ఖాయమని హామీ ఇచ్చారు. ఆ హామీలోనే కోర్సు ఉద్దేశం కనిపిస్తుంది. ఫ్లాస్కు పగలగొట్టకుండా, నమూనా పాడుచేయకుండా పని చేయగల చేయి ఒకటి పరిశోధకులకు కావాలి. సిద్ధాంతం సెమిస్టర్‌లో ఎలాగూ వస్తుంది.

దీనికి మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. చేతిపని నేర్చుకోవడానికైనా సాధనకూ సాధనకూ మధ్య ఎడం ఉండటమే మంచిదని పరిశోధనలు చెబుతున్నాయి కదా? నిజమే. 1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటిష్ తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పించే విషయంలో చేసిన అధ్యయనం ప్రసిద్ధం. రోజుకు ఒక గంట చొప్పున సాధన చేసినవాళ్లు రోజుకు నాలుగు గంటలు చేసినవాళ్ల కంటే తక్కువ మొత్తం గంటల్లోనే పని నేర్చుకున్నారు. తమాషా ఏమిటంటే, తక్కువ గంటల్లో నేర్చుకున్న ఆ బృందమే తమ శిక్షణ పద్ధతి మీద ఎక్కువ అసంతృప్తి చూపింది. రోజులు ఎక్కువ పట్టాయి మరి. అయితే ఈ అధ్యయనాన్ని మన ప్రశ్నకు అన్వయించేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. అందులో అతి తక్కువ సాధన చేసినవాళ్లు కూడా పనిదినాల్లో రోజూ కీబోర్డు ముందు కూర్చున్నారు. వారానికి ఒక్కసారి వచ్చి, వచ్చినప్పుడల్లా వేరే పని చేసే బృందం ఆ పోలికలోనే లేదు. సెమిస్టర్ ల్యాబ్‌లో జరిగేది ఎడంగా చేసే సాధన కాదు, ఒకే ఒక్కసారి చేసి వదిలేయడం. ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున ముగ్గు వేసే పిల్లకు సంక్రాంతి నాటికి చెయ్యి తిరుగుతుంది. వారానికోసారి, అదీ ప్రతిసారీ కొత్త రకం ముగ్గు వేస్తే తిరగదు. ఆ అధ్యయనం నుంచి జనవరి ల్యాబ్ నేర్వాల్సిన పాఠం మాత్రం ఒకటుంది. ఒకే నైపుణ్యాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దకుండా, రోజుకు కాస్త చొప్పున నాలుగైదు రోజుల మీదకు పరచాలి. అలసిన చేతికి గాజు సామాను, మండే ద్రావణులు అప్పగించకూడదన్న భద్రతా కారణం కూడా దీన్నే బలపరుస్తుంది.

చలికాలానికి ల్యాబ్‌లో ఇంకో చిన్న లాభం ఉంది. మెగ్నీషియం లోహంతో, పొడి ఈథర్‌లో చేసే గ్రిన్యార్డ్ చర్యకు తేమ బద్ధశత్రువు. ఈ చర్యను కనిపెట్టినందుకే విక్టర్ గ్రిన్యార్డ్‌కు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. బయటి గడ్డకట్టే గాలిని లోపలికి తెచ్చి వేడిచేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత బాగా పడిపోతుంది కాబట్టి, ఉత్తర అమెరికా ల్యాబుల్లో జనవరి ఈ ప్రయోగానికి అనుకూలమైన నెల. కోర్సును జనవరికి మార్చడానికి ఈ ఒక్క కారణం చాలదనుకోండి.

సిద్ధాంతం దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. మోల్ భావన పట్టుబడకపోతే స్టాయికియోమెట్రీ రాదు, అది రాకపోతే సమతాస్థితి లెక్కలు రావు, అవి లేకుండా బఫర్ ద్రావణాలు అర్థం కావు. ప్రతి అధ్యాయం ముందుదాని భుజాల మీద నిలబడుతుంది. పైగా కెమిస్ట్రీకి మరే శాస్త్రానికీ అంతగా లేని ఒక కష్టం ఉంది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టోన్ 1991లో దాన్ని స్పష్టంగా చెప్పారు. కెమిస్ట్రీ ఒకేసారి మూడు అంతస్తుల్లో మాట్లాడుతుంది. మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలం పోయి తెల్లబడుతుంది, ఇది కంటికి కనిపించేది. స్ఫటికంలో ప్రతి కాపర్ సల్ఫేట్ ప్రమాణానికీ తోడున్న ఐదు నీటి అణువులు విడిపోతున్నాయి, ఇది కంటికి కనిపించనిది. బోర్డు మీద రాసే సంకేతాలు, సమీకరణం మూడోది. ఉపాధ్యాయుడు ఒక్క వాక్యంలో ఈ మూడంతస్తులూ ఎక్కి దిగుతాడు, అతనికది అలవాటు. కొత్తగా వచ్చినవాడి బుర్ర అంత సామాను ఒకేసారి మోయలేదు. ఒక్కో అంతస్తు అలవాటై, దానికి ప్రత్యేకంగా ఆలోచన పెట్టనక్కర్లేని స్థితి వచ్చాకే మిగతా రెంటికీ చోటు దొరుకుతుంది. అలా అలవాటు కావడానికి గంటలు ఎంత ముఖ్యమో, మధ్యలో గడిచే రోజులూ అంతే ముఖ్యం. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే, తన మీద తానే అర్థంలేని అక్షరాల వరుసలతో ప్రయోగం చేసి ఈ సంగతి చూపించాడు. ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితమే, మూడు రోజుల మీద పరిస్తే 38 సార్లకే వచ్చింది. అక్షరాల వరుసలు వేరు, బఫర్ లెక్కలు వేరు అనవచ్చు. కానీ తర్వాతి శతాబ్దంలో ఎన్నో రకాల విషయాల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఎడం వైపే మొగ్గు కనిపించింది. సోమవారం సమతాస్థితి, మంగళవారం ఆమ్లక్షారాలు, బుధవారం బఫర్లు అన్న జోరులో పాఠం పోతుంటే, సోమవారం నాటిది మరచిపోయి మళ్లీ గుర్తుచేసుకునే అవకాశమే రాదు. మరచి గుర్తుచేసుకోవడమే నేర్చుకోవడంలో పెద్ద భాగం.

మరి కొలరాడో కాలేజీ మాటేమిటి? 1970 నుంచీ అక్కడ విద్యార్థి ఒకసారి ఒక్క కోర్సే చదువుతాడు, మూడున్నర వారాల్లో పూర్తిచేస్తాడు. కెమిస్ట్రీ కూడా అంతే. అయోవాలోని కార్నెల్ కాలేజీ 1978లో అదే బాట పట్టింది. అర్ధ శతాబ్దంగా నడుస్తున్నదాన్ని అసాధ్యం అనడం మొండితనమే అవుతుంది. అయితే అక్కడ కాలేజీ మొత్తం ఆ పద్ధతి చుట్టూ కట్టి ఉంది. కొలరాడోలో తరగతికి 25 మంది మించరు, ఉపాధ్యాయుడికి ఆ రోజుల్లో వేరే కోర్సు ఉండదు, పాఠం నుంచి ల్యాబ్‌కు గంట కొట్టకుండానే వెళ్లిపోవచ్చు, ఏ బ్లాకు తర్వాత ఏ బ్లాకు వస్తుందో, ఏది ఎక్కడ మళ్లీ తగలాలో ముందే ఆలోచించి పెడతారు. సెమిస్టర్ కాలేజీలో జనవరి కోర్సుకు ఇవేవీ ఉండవు. పదిహేను వారాల పాఠ్యప్రణాళికనే మూడు వారాల పెట్టెలో కుక్కుతారు. ఆ రెండు కాలేజీల అనుభవం చెప్పేది, తగిన ఏర్పాటు చేస్తే కుదింపు సాధ్యమని. ఏర్పాటు లేకుండా కుదిస్తే చాలని కాదు.

మన దగ్గర జనవరి టర్మ్ లేదు, కుదింపు మాత్రం దండిగా ఉంది, అదీ తలకిందులుగా. ఇంటర్‌లో ఏడాది పొడవునా చేయాల్సిన ప్రాక్టికల్స్‌ను చాలా కళాశాలలు పరీక్షకు ముందు కొద్ది రోజుల్లో తోసేస్తాయి. ఇది ఎంఐటీ చేసే పనే కదా అని ఎవరైనా సమర్థించుకుంటే ఒప్పుకోలేం. అక్కడ విద్యార్థి రోజంతా ల్యాబ్‌లో ఉండి తన తప్పును తానే వెతుక్కుంటాడు. ఇక్కడ సాల్ట్ అనాలిసిస్‌లో పరీక్షకు వచ్చే లవణాల రంగులూ వాసనలూ బట్టీపట్టి, రికార్డు ఎత్తిరాసి, వైవాకు సిద్ధమవుతాడు. ఇంటర్ పరీక్షలకూ ఈఏపీసెట్‌కూ మధ్య వచ్చే క్రాష్ కోర్సుల సంగతి వేరు. అక్కడ కుదించేది సిద్ధాంతమే అయినా, పిల్లలు దాన్ని అప్పటికే రెండేళ్లు చదివి ఉంటారు. పాత చదువును తిరగేయడం ఎడం సూత్రానికి విరుద్ధం కాదు, దానికి కొనసాగింపే.

శీతాకాలపు జనరల్ కెమిస్ట్రీకి కూడా సబబైన గిరాకీ ఇలా రెండోసారి చదివేవాళ్ల దగ్గరే ఉంది. శరదృతువులో తప్పిన విద్యార్థి జనవరిలో మళ్లీ చదివితే అది అతనికి మొదటి పరిచయం కాదు. కొంత ఎడంతో వచ్చిన రెండో విడత. మోల్ లెక్కలు వచ్చు, బఫర్ల దగ్గర తడబడ్డాడు అనుకుంటే, మూడు వారాలూ ఆ తడబాటు మీద కూర్చోవచ్చు. వసంతంలో తోటివాళ్లతో కలిసి తర్వాతి కోర్సులో చేరగలిగితే ఒక ఏడాది ఆదా. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో వైద్యవిద్య వైపు చూసే పిల్లల, వారి తల్లిదండ్రుల తొందర వేరు. జనరల్ కెమిస్ట్రీని జనవరిలో దులిపేసుకుంటే ఆర్గానిక్ ముందే మొదలుపెట్టొచ్చన్నది వాళ్ల లెక్క. ఆర్గానిక్ మొదటి వారాల్లోనే ఆమ్లాల బలం, సమతాస్థితి మళ్లీ ఎదురవుతాయి. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్షలో, ఏడాదో రెండేళ్లో గడిచాక, అవే మరోసారి అడుగుతారు. ఆ పిల్లలకు జనవరిలో ఒక కోర్సు తీసుకోవాలని ఉంటే, సిద్ధాంతాన్ని సెమిస్టర్‌కు వదిలి, ల్యాబ్ నైపుణ్యాల కోర్సు తీసుకోవడం మంచిది. అలాంటిది చాలా కళాశాలల్లో దొరకకపోవడానికి కారణాలు సిబ్బంది జీతాలు, రసాయనాల ఖర్చు, సెలవుల్లో భవనం తెరిచి ఉంచాల్సి రావడం. ఉపన్యాసాన్ని కుదించడం చౌక, ల్యాబ్‌ను రోజూ నడపడం ఖరీదు.