రాతి దెబ్బకు ఫోమ్, ముల్లుకు సీలెంట్

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలి నుంచి సెలవు రోజున ఆరావళి కొండల మట్టిదారులకు మౌంటెన్ బైక్ తీసుకెళ్తే, రెండు రకాల పంక్చర్లకు సిద్ధపడాలి. ఒకటి రాయి వల్ల. రెండోది అక్కడ విలాయతీ కీకర్ అనే, మనం సర్కారు తుమ్మ అనే చెట్టు ముల్లు వల్ల.

రాళ్లదారిలో పట్టు కోసం టైరులో గాలి తగ్గిస్తారు. వేగంగా వెళ్తూ రాయిని గుద్దితే టైరు పూర్తిగా అణిగి, రాయికీ రిమ్‌కూ మధ్య ట్యూబు నలుగుతుంది. పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ట్యూబ్‌లెస్ టైరైతే రబ్బరు తెగవచ్చు, రిమ్ సొట్టపోవచ్చు.

అందుకే ట్యూబ్‌లెస్ టైరు లోపల, రిమ్ చుట్టూ ఫోమ్ ఇన్సర్ట్ తొడుగుతారు. దాని నిండా గాలి ఉన్న చిన్న చిన్న గదులు. దెబ్బ తగిలినప్పుడు అవి నలిగి, దెబ్బను ఎక్కువ సమయానికీ ఎక్కువ వైశాల్యానికీ పంచుతాయి. క్యాచ్ పట్టే క్రికెటర్ చేతులు వెనక్కి లాగినట్టే: సమయం పెరిగితే బలం తగ్గుతుంది.

ముల్లు రిమ్ దాకా రానక్కర్లేదు, నేలను తాకే చోటే గుచ్చుకుంటుంది. ఆ రంధ్రాన్ని పూడ్చేది టైరులో పోసే సీలెంట్ ద్రవమే. ట్యూబు వాడేవారికి, ట్యూబుకూ టైరుకూ మధ్య పరిచే మందపాటి ఫోమ్ వేరే ఉంది.

ఇన్సర్ట్‌తో ఒక్కో చక్రానికి సుమారు 100 నుంచి 250 గ్రాముల బరువు పెరుగుతుంది. కొనేముందు పంక్చరైన పాత ట్యూబును ఓసారి చూడండి: రెండు చీలికలా, ఒక్క సన్నని రంధ్రమా?