నాలుగు వాటాల ఇల్లు కట్టేముందు



అపొస్తలుడైన పౌలు రోమా పట్టణములో రెండు సంవత్సరములు అద్దె ఇంటిలో కాపురమున్నాడని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయములో చదువుతున్నాము. ఆ ఇంటి యజమాని ఎవరో, అద్దె ఎంత పుచ్చుకున్నాడో లూకా వ్రాయలేదు. అయితే సంకెళ్లలో ఉన్న ఖైదీకి, అతనికి కావలిగా ఉన్న సైనికునితో సహా, ఇల్లు ఇచ్చినవాడొకడు ఆ మహా పట్టణములో ఉన్నాడు. వచ్చే పోయే జనమును చూచి ఖాళీ చేయమన్నట్టు ఎక్కడా లేదు.

ఈ సంగతి ఎందుకు ఎత్తుతున్నామంటే, ఇప్పుడు మన పల్లెటూరి సంఘములలో అనేకులు ఇంటి యజమానులు కావాలని చూస్తున్నారు. పదవీ విరమణ చేసిన టీచరమ్మ, కువైటులో పనిచేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్న సహోదరి, పిల్లల చదువుకు టౌనులో కాపురం పెట్టదలచిన రైతు మా యొద్దకు వచ్చి ఒకే మాట అంటున్నారు: "అయ్యగారూ, అర ఎకరం అమ్మి టౌనులో నాలుగు పోర్షన్లు వేస్తే నెల తిరిగేసరికి అద్దె వస్తుంది. ప్రార్థన చేయండి."

ప్రార్థన తప్పక చేస్తాము. అయితే దానికి ముందు ఒక కాగితము, పెన్సిలు తెమ్మంటాము. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవద్దా అని మన ప్రభువే అడిగాడు గదా (లూకా 14:28).

లెక్క ఇలాగు వేద్దాము. ఇవి అనుకున్న అంకెలే గనుక మీ ఊరి ధరలు మీరు వేసుకొనండి. సెంటు నాలుగు లక్షల చొప్పున మూడు సెంట్ల స్థలము, అనగా సుమారు 145 గజాలు, 12 లక్షలు. క్రింద రెండు, పైన రెండు వాటాలు, ఒక్కొక్కటి 450 అడుగులు, మొత్తము 1,800 అడుగులు. అడుగుకు 1,800 రూపాయల చొప్పున కట్టుబడికి 32 లక్షల 40 వేలు. అంతా కలిపి 44 లక్షల 40 వేలు. వాటాకు 5,000 అద్దె వస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఇక్కడితో లెక్క ఆపేసి సంతోషించేవారే ఎక్కువ. ఒక వాటా మూడు నెలలు ఖాళీగా ఉంటే 15,000 పోతుంది. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు రిపేరు, కారే పైపులు కలిసి మరొక 25,000 అనుకుందాము. చేతికి మిగిలేది రెండు లక్షలు. పెట్టిన సొమ్ము మీద నూటికి నాలుగున్నర.

ఇక అప్పు చేసి కట్టేవారి సంగతి. బ్యాంకులో 30 లక్షలు నూటికి 9 చొప్పున తెస్తే మొదటి ఏడాది వడ్డీయే సుమారు 2 లక్షల 70 వేలు. నాలుగు వాటాల అద్దె అంతా కట్టినా వడ్డీకే చాలదు, అసలు మాట దేవుడెరుగు. ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చినవారికి నెలకు 10,000 వడ్డీ. రెండు వాటాలవారు ఇచ్చే అద్దె ఆ షావుకారు ఇంటికే పోతుంది. స్థలము ధర పెరుగుతుంది గదా అంటారు. పెరగవచ్చును. అయితే పెరిగిన ధరతో ఈ నెల వడ్డీ కట్టలేము.

కాబట్టి పండే భూమిని అమ్మి కానీ, అప్పు చేసి కానీ ఈ పనికి దిగవద్దని మేము తెగేసి చెబుతాము. మరి ఎలాగు మొదలుపెట్టవలెను? ఉన్నచోటనే. టౌను అంచున ఇప్పటికే సొంత ఇల్లున్నవారు పై అంతస్తులో రెండు వాటాలు వేసుకుంటే స్థలము ఖర్చు లేదు. అదే ధరన 900 అడుగులకు 16 లక్షల 20 వేలు. ఖాళీ నెలలు, మరమ్మతులు పోను ఏడాదికి లక్ష మిగిలితే నూటికి ఆరు పైచిలుకు. అంత సొమ్ము కూడా లేనివారు ఒక్క వాటాతో మొదలుపెట్టి, దాని అద్దె కూడబెట్టి, రెండవది తరువాత వేసుకోవచ్చును.

పై అంతస్తు వేసేముందు పునాది, స్తంభములు ఆ బరువు మోయగలవో లేదో ఇంజనీరుకు చూపించవలెను. మేస్త్రి మాట ఒక్కటే చాలదు. మన ఇండ్ల స్లాబుల మీద ముందు ముందు కట్టుకోవడానికి వదిలిన ఇనుప చువ్వలు ఏండ్ల తరబడి వానకు తడిసి తుప్పు పట్టి ఉంటాయి. వాటిని కూడా ఆయనే చూడవలెను. పంచాయతీ లేక మున్సిపాలిటీ అనుమతి సరేసరి. మేడ మీద పిట్టగోడ మరువవద్దు. క్రొత్త ఇల్లు కట్టువాడు దాని పైకప్పుకు పిట్టగోడ కట్టించవలెనని ద్వితీయోపదేశకాండము 22:8లో ఆజ్ఞ యున్నది. మేడ మీద ఆడుకునేది అద్దెకున్నవారి పసిపిల్లలు.

వాటాకొక కరెంటు మీటరు పెట్టించండి. మోటారుకు, మెట్ల దీపానికి వేరొకటి. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది గనుక నాలుగు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే అందరూ పై రేటులో పడతారు. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకము వంటివి కూడా మీటరును బట్టే వర్తిస్తాయి. ఇంటివారి కక్కుర్తి వలన పేద కుటుంబము ఆ మేలు పోగొట్టుకోకూడదు.

స్థలము కొనక తప్పనివారికి ఒక హెచ్చరిక. లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించి, చదవగలిగిన వకీలుకు చూపించండి. స్థలము నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఎలో ఉన్నదేమో చూడండి. ప్రభుత్వము పేదలకిచ్చిన డి-పట్టా భూముల అమ్మకాలకు 1977 నాటి చట్టము అడ్డున్నది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి తరువాత సవరణలు వచ్చాయి గనుక తహసీల్దారు కార్యాలయములో విచారించకుండా బయానా ఇవ్వవద్దు. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనులు కానివారు కొనడము 1970 నాటి 1/70 చట్టము ప్రకారము చెల్లదు. నోటరీ కాగితము మీద కొన్న స్థలము మీదైనట్టు కాదు.

ఇల్లు పూర్తయిన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. మనవారికి ఇది అనుభవమే. పిల్లల చదువుకని టౌనులో గది వెదకబోతే, "మీరేమిటోళ్లు?" అని అడిగి, జవాబు విని, "మా చుట్టాలొస్తున్నారండీ" అని తలుపు వేసిన ఇండ్లు ఎన్ని! చేతిలో బైబిలు చూచి మొగము త్రిప్పుకున్నవారు ఎందరు! ఆ బాధ ఎరిగినవారే యజమానులైనప్పుడు అదే ప్రశ్న వేరొకరిని అడగడము మేము చూస్తున్నాము. అద్దె సకాలములో కట్టగలరా, ఇంట్లో ఎందరుంటారు అని అడగండి, చాలును. ఆదివారము గుడికి వస్తేనే ఇల్లు ఇస్తామనడము కూడా తగదు. అద్దె అగ్రిమెంటులో సువార్త చేర్చమని ఎవరూ చెప్పలేదు. అన్యాయముగా మేడగదులు కట్టుకొనువానికి శ్రమ అని యిర్మీయా (22:13) పలికినది ఒక రాజును గూర్చి. మన రెండు వాటాల మేడకు అది వర్తించదని అనుకోగలమా?

అగ్రిమెంటు వ్రాసుకోవడము ఇద్దరికీ క్షేమము. మన ప్రాంతాలలో 11 నెలలకు వ్రాసుకుంటారు. అద్దె ఎంత, ఏ తారీఖున, ఎప్పుడు ఎంత పెంచుతారు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి తెలుగులో వ్రాయండి. ప్రతి నెలా రసీదు ఇవ్వండి. అద్దె రాబడిని ఆదాయపు పన్ను లెక్కలో చూపించండి. కట్టిన ఇంటి పన్ను తీసివేశాక, మిగిలినదానిలో నూటికి 30 వంతులు చట్టమే మినహాయిస్తుంది, దాచవలసిన పని లేదు.

అడ్వాన్సు మాట. కేంద్రము 2021లో రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము, కాపురముండే ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంటుంది. ఎంత తీసుకున్నా అది మీ సొమ్ము కాదు. పోస్టాఫీసులో విడిగా వేయండి, స్లాబుకు సిమెంటు కొనవద్దు. ఖాళీ చేసిన రోజుననే గోడలు, కరెంటు బిల్లు చూచుకొని మిగిలినది చేతిలో పెట్టండి. క్రొత్తవారు వచ్చి అడ్వాన్సు ఇచ్చేవరకు ఆగమనడము మన టౌనులలో మామూలైపోయినది. సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని, సాయంత్రానికి ఇంకొక ఇంటికి అడ్వాన్సు కట్టవలసినవాడు ఎక్కడ ఆగగలడు?